నలుగురూ చూస్తుంటే మారిపోయే మాట: ఇన్సల్ట్, హ్యుమిలియేట్, షేమ్‌ల మధ్య తేడా

శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో గ్రూప్స్‌కో బ్యాంకు పరీక్షలకో కోచింగ్ తీసుకునే కుర్రాళ్ల వొకాబ్యులరీ నోటుబుక్కులో ఇలాంటి పేజీ ఒకటి కనిపిస్తుంది. ఎడమవైపు ఇన్సల్ట్, హ్యుమిలియేట్, షేమ్, డిగ్రేడ్, డిమీన్, డిస్‌గ్రేస్ అని వరసగా ఇంగ్లీషు మాటలు. కుడివైపు మొదటిదాని ఎదురుగా ‘అవమానించు’ అని ఒక్కసారి రాసి, కిందికంతా అదే అన్నట్టు గీతలు. బిట్ పేపర్లో సిననిమ్ గుర్తుపట్టడానికి ఆ గీతలు సరిపోతాయి. ఖాళీ పూరించమన్నప్పుడు, ఎస్సే రాయమన్నప్పుడు, ఒక ఇంగ్లీషు తీర్పును తెలుగులో చెప్పాల్సి వచ్చినప్పుడు సరిపోవు.

డిక్షనరీని తిట్టుకుని లాభం లేదు. ‘అవమానం’ అన్న మాటే అంత విశాలమైనది. అయితే ఇంట్లో, వీధిలో ఆ మాట మనం వాడేది తక్కువ. పరువు తీశాడంటాం, తీసిపారేశాడంటాం, చిన్నబుచ్చాడంటాం, నవ్వులపాలు చేశాడంటాం, తలవంపులు తెచ్చాడంటాం, మొహం చెల్లకుండా చేశాడంటాం. ఇవన్నీ ఒకటి కాదని ఎవరూ నేర్పక్కర్లేదు. ఇంగ్లీషు మాటల పక్కన రాసుకోవాల్సినవి ఇవి. పుస్తకాల తెలుగుతో వచ్చిన చిక్కు ఏమిటంటే, ఇంతమందిని బయట నిలబెట్టి ‘అవమానించు’ ఒక్కదాన్నే లోపలికి పిలుస్తుంది.

బొబ్బిలి వైపు ఒక పెళ్లి అనుకుందాం. ఆడపెళ్లివారి బంధువుల్లో కాస్త వయసు మళ్లిన ఒకాయన ఉన్నాడు. అందరిళ్లకీ వెళ్లి బొట్టు పెట్టి పిలిచినవాళ్లు ఆయనకి మాత్రం వాట్సాప్‌లో కార్డు పంపి ఊరుకున్నారు. ఇది స్లైట్. కావాలని చేసి ఉండకపోవచ్చు, కానీ ఆయన నొచ్చుకున్నాడు. అయినా వెళ్లాడు. పందిట్లో పెళ్లికొడుకు తండ్రి ఎదురైతే నవ్వుతూ దండం పెట్టాడు, అవతలాయన చూసి కూడా మొహం తిప్పేసుకున్నాడు. ఇది స్నబ్, ఇందులో కావాలని చేయడం ఉంది. ఈలోగా పక్కనుంచి వెళ్తున్న కుర్రాడి చేతిలోని కాఫీ ఒలికి ఆయన తెల్లచొక్కా పాడైంది. అందరూ అటు చూశారు, ఆయనకి ఎంబరాసింగ్‌గా అనిపించింది. ఎవరి తప్పూ లేదు, ఎవరూ ఏమీ అనలేదు, అయినా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. చదివింపుల దగ్గర ఆయనిచ్చిన కవరు తిప్పి చూసి ‘ఓస్, ఇంతేనా’ అని ఎవరో గొణిగారు. ఆ మనిషి బిలిటిల్ చేశాడు. చివరికి భోజనాల్లో బంతిలో కూర్చున్నాడు. ఆకు వేశారు, నీళ్లు చల్లారు, పప్పు వడ్డించారు. అప్పుడొకడు వచ్చి భుజం తట్టి, “లెగు మావా, ఈ బంతి మొగపెళ్లోరిది. నువ్వు తరవాత బంతికి కూకుందువు గాని” అన్నాడు. బంతంతా తలలు తిప్పి చూస్తుండగా ఆయన లేచాడు.

ఈ చివరిదే హ్యుమిలియేషన్. అందులో తిట్టు లేదు, ‘మావా’ అనే పిలుపు కూడా ఉంది. కానీ కూర్చున్న చోటునుంచి లేపేశారు, అదీ అందరి కళ్లముందు. ఆ లేపినవాడే పెరట్లో ఒంటరిగా దొరికి ‘నీ మొహానికి పట్టుపంచె ఒకటా’ అని ఉంటే అది ఇన్సల్ట్ అయ్యేది, కోపం వచ్చేది, తిరిగి నాలుగు మాటలు అనడానికి వీలుండేది. బంతిలోంచి లేచిన మనిషికి ఆ వీలు లేదు. నోరు విప్పితే ఇంకా చిన్నబోతాడు, విప్పకపోతే ఒప్పుకున్నట్టు. అలా ఏమీ చేయలేని స్థితిలోకి నెట్టడమే ఆ మాటలోని అసలు బరువు.

ఈ మాటల మధ్య తేడా తేల్చుకోవడానికి పనికొచ్చే ప్రశ్న ఒకటుంది: ఆ సమయానికి అక్కడ ఎవరెవరు ఉండాలి? ఇన్సల్ట్‌కి అనేవాడు, పడేవాడు ఉంటే చాలు, మూడో మనిషి లేకపోయినా అది జరుగుతుంది. డిఫేమ్ చేయడానికి మూడో మనిషి తప్పనిసరి, పడేవాడు అక్కడ ఉండక్కర్లేదు, వెనకాల అన్నా సరిపోతుంది. హ్యుమిలియేషన్ పూర్తి రూపంలో జరగాలంటే ముగ్గురూ ఉంటారు: చేసేవాడు, పడేవాడు, చూసేవాళ్లు. తెలుగు దీన్ని ‘నలుగురిలో’ అన్న ఒక్క మాటతో ఎప్పుడో పట్టుకుంది. నలుగురిలో పరువు తీశాడు అన్నప్పుడు ఆ ‘నలుగురిలో’ అలంకారం కోసం పెట్టింది కాదు, నేరంలో భాగం.

నిజంగానే నేరంలో భాగం, చట్టం అలాగే రాసింది. ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చింది. 2015లో చేసిన సవరణ తర్వాత సెక్షన్ 3(1)(ఆర్) చెప్పేదాన్ని తెలుగులో పెడితే ఇలా ఉంటుంది: ఎస్సీ లేదా ఎస్టీకి చెందిన వ్యక్తిని, జనం కంటపడే ఏ చోటైనా, హ్యుమిలియేట్ చేయాలనే ఉద్దేశంతో, కావాలని ఇన్సల్ట్ చేయడం లేదా బెదిరించడం. ఒకే వాక్యంలో రెండు మాటలూ ఉన్నాయి, రెండింటికీ వేర్వేరు పనులు. ఇన్సల్ట్ అనేది చేసిన పని. హ్యుమిలియేట్ చేయడం ఆ పని వెనకున్న ఉద్దేశం. జనం కంటపడే చోటు అనేది మూడో షరతు. ఈ సెక్షన్‌ని ‘అవమానించే ఉద్దేశంతో అవమానించడం’ అని అనువదిస్తే ఎంత వింతగా ఉంటుందో చూడండి. కించపరచాలనే ఉద్దేశంతో దూషించడం అనో, నలుగురిలో తలదించుకునేలా చేయాలని తూలనాడటం అనో అంటే కనీసం రెండు ముక్కలూ విడిగా కనిపిస్తాయి.

ఆ ‘జనం కంటపడే చోటు’ మీద సుప్రీంకోర్టు దాకా వాదనలు నడిచాయి. 2008లో స్వరణ్ సింగ్ కేసులో కోర్టు ఒక తేడా చెప్పింది. పబ్లిక్ ప్లేస్ వేరు, పబ్లిక్ వ్యూ వేరు. స్థలం సొంతదే కావచ్చు, కానీ ఇంటి ముందు గేటు దగ్గర, దారిన పోయేవాళ్లకి కనపడేలా వినపడేలా అంటే అది జనం కంటపడే చోటే. 2020లో హితేశ్ వర్మ కేసులో, బయటివాళ్లెవరూ లేకుండా నాలుగు గోడల మధ్య అన్న మాటకు ఈ సెక్షన్ వర్తించదని కోర్టు చెప్పింది. మన ఊళ్ల లెక్కలో చెప్పాలంటే వీధరుగు మీద అన్నదానికీ తలుపేసిన గదిలో అన్నదానికీ మధ్య కోర్టు గీత గీసింది. గదిలో అన్నది తక్కువ బాధ పెడుతుందని దాని అర్థం కాదు. ఈ సెక్షన్ లెక్కపెట్టేది బాధని మాత్రమే కాదు, చూసే కళ్లని కూడా.

అదే చట్టంలో ఇంకో క్లాజు చెప్పుల దండ వేయడాన్నీ, బట్టలు లేకుండా ఊరేగించడాన్నీ విడిగా పేరుపెట్టి నేరమంది. గుండు గీయడం, మీసం తీయించడం, మొహానికి రంగు పూయడం లాంటి పనులకి మరో క్లాజు ఉంది, అక్కడ వాడిన మాట డెరోగేటరీ, అంటే మనిషి గౌరవాన్ని తగ్గించేది. ఇవన్నీ ఊరు చూడటం కోసమే చేసే పనులు. చెప్పుల దండ గదిలో వేసి తలుపేసుకునేవాడు ఎవడూ ఉండడు.

పక్కనున్న సెక్షన్లు కూడా ఈ కొలతతోనే అర్థమవుతాయి. 2024 జులై 1 నుంచి ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 352, ఎదుటివాడు రెచ్చిపోయి శాంతిభంగం చేసేలా కావాలని ఇన్సల్ట్ చేయడం గురించి. పాత 504 ఇదే. ఇక్కడ చూసేవాళ్ల ప్రసక్తే లేదు, పడ్డవాడి కోపమే ముఖ్యం. సెక్షన్ 356 డిఫమేషన్, పాత 499, 500లు. ఇక్కడ కోపంతో పనిలేదు, ఇతరుల దృష్టిలో పరువు తగ్గిందా అన్నదే ప్రశ్న. పత్రికలు దీన్ని ‘పరువు నష్టం’ అంటాయి, మంచి అనువాదం. నష్టం అనడంలో పరువు కూడా ఆస్తే అన్న భావం ఉంది. ఇంగ్లండ్ చట్టం రాసిన డిఫమేషన్‌ని లైబెల్ అనీ, నోటితో అన్నదాన్ని స్లాండర్ అనీ విడదీసింది. మన శిక్షాస్మృతి రెండింటినీ ఒకే సెక్షన్‌లో పెట్టింది, కాబట్టి ఆ తేడా ఇక్కడ పరీక్షలకే తప్ప పోలీస్ స్టేషన్‌లో పెద్దగా అక్కరకు రాదు.

అయితే చూసేవాళ్లు లేకపోతే హ్యుమిలియేషన్ లేనట్టేనా? కాదనే తీర్పు కూడా ఒకటుంది, మన దేశంలోది కాదు. బ్రిటన్ పక్కనున్న మాన్ ద్వీపంలో 15 ఏళ్ల కుర్రాడికి బర్చ్ చెట్టు బరికెలతో మూడు దెబ్బలు శిక్ష వేశారు. పోలీస్ స్టేషన్‌లో, లోపల, జనం లేనిచోట కొట్టారు. కేసు యూరప్ మానవ హక్కుల కోర్టుకి వెళ్లింది. 1978లో టైరర్ కేసుగా పేరుపడ్డ ఆ తీర్పులో కోర్టు, ఇతరుల కళ్లలో కాకపోయినా ఆ మనిషి తన కళ్లలో తాను హ్యుమిలియేట్ అయినా చాలు, అది డిగ్రేడింగ్ శిక్షే అంది. కాబట్టి నలుగురు బయట నిలబడి ఉండక్కర్లేదు, కొన్నిసార్లు పడ్డవాడి లోపలే ఉంటారు. ఇక్కడ రెండు కోర్టులు చూస్తున్నది రెండు వేర్వేరు విషయాలు. ఒకటి ఒక నిర్దిష్ట నేరానికి షరతులు చూస్తోంది, రెండోది ప్రభుత్వం మనిషి ఒంటి మీద చెయ్యి వేసినప్పుడు ఎంతవరకు వెళ్లొచ్చో చూస్తోంది. అయినా పక్కపక్కన పెట్టి చదివితే మాట లోతు తెలుస్తుంది.

ఇక అన్నిటికన్నా ఎక్కువ తికమక పెట్టేది షేమ్. సిగ్గు అని రాసేసుకుంటారు. కొత్త పెళ్లికూతురి సిగ్గు షేమ్ కాదు, అది షైనెస్. అసెంబ్లీలో ‘సిగ్గు సిగ్గు’ అని అరుస్తారే, అది షేమ్. షేమ్‌లో తప్పు చేశానన్న ఎరుక ఉంటుంది, లేదా చేశావని ఎదుటివాళ్లు అంటున్నారు. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త డోనాల్డ్ క్లైన్ 1991లో ఈ రెండింటి మధ్య గీత ఒకటి గీశాడు. షేమ్ పడ్డవాడు తనకది తగిన శాస్తే అనుకుంటాడు, హ్యుమిలియేట్ అయినవాడు తనకిది తగదు అనుకుంటాడు. హ్యుమిలియేషన్‌లో ముగ్గురు పాత్రధారులు ఉంటారన్న లెక్క కూడా ఆయన రాసిందే. ఆ మొదటి గీతతో మన మాటలు కూడా ఇట్టే తేలిపోతాయి. ‘చేసిన పనికి సిగ్గుతో తలదించుకున్నాడు’ అంటే షేమ్. ‘అంతమందిలో నా తల కొట్టేసినట్టు చేశాడు’ అంటే హ్యుమిలియేషన్. మొదటిదాంట్లో తల దించిందీ దించుకుందీ ఒకరే. రెండోదాంట్లో తల తీసింది ఇంకొకడు.

ప్రభుత్వాలు, సంస్థలు షేమ్‌ని పనిముట్టుగా వాడతాయి. ఆరుబయట మలవిసర్జన మాన్పించడానికి 2000 ప్రాంతంలో బంగ్లాదేశ్‌లో మొదలైన ఒక పద్ధతిలో ఊరివాళ్లంతా కలిసి తిరిగి, ఎక్కడెక్కడ మురికి ఉందో కళ్లారా చూసి, తమకు తామే సిగ్గుపడి మారాలి. ఉద్దేశం అది. స్వచ్ఛ భారత్ రోజుల్లో మన దేశంలో చాలాచోట్ల అదే పద్ధతి ఇంకో దారి పట్టింది. తెల్లవారుజామున చెంబు పట్టుకుని వెళ్లేవాళ్ల వెంట ఈలలు వేస్తూ బృందాలు పడ్డాయి, టార్చిలైట్లు వేశారు, కొన్నిచోట్ల ఫొటోలు తీశారు. ఇంట్లో మరుగుదొడ్డి కట్టుకుని కూడా బయటికి వెళ్లేవాడికి అది షేమ్ అయితే అయ్యుండొచ్చు. జాగా లేక, నీళ్లు లేక వెళ్లే ముసలామెకు అది ఉత్త హ్యుమిలియేషన్. పని ఒకటే, ఈల ఒకటే, పడ్డ మనిషికి వేరే దారి ఉందా లేదా అన్నదాన్ని బట్టి మాట మారిపోయింది.

అప్పుల వసూళ్లదీ ఇదే కథ. వాయిదా తప్పితే ఇంటి ముందుకొచ్చి కుర్చీ వేసుకుని కూర్చోవడం మన పల్లెలకు తెలియనిది కాదు. గొడవపడరు, చెయ్యి చేసుకోరు, ఊరికే కూర్చుంటారు. మంచినీళ్లు కూడా అడిగి తాగుతారు. వీధిలో వచ్చేపోయేవాళ్లు ‘ఏటమ్మా, ఎవులు వీళ్లు’ అని అడిగేదాకా ఆగడమే వాళ్ల పని. ఇప్పుడు లోన్ యాప్‌లు వీధికి బదులు ఫోన్లోని కాంటాక్టు లిస్టును వాడుకుంటున్నాయి. 2022 ఆగస్టులో రిజర్వ్ బ్యాంకు రికవరీ ఏజెంట్ల గురించి ఇచ్చిన ఆదేశాల్లో, అప్పు తీసుకున్నవాళ్లని బెదిరించకూడదు, వేధించకూడదు అనడంతో ఆగకుండా, నలుగురిలో హ్యుమిలియేట్ చేసే ఉద్దేశంతో చేసే పనులు కూడా కూడదని రాసింది. కుటుంబ సభ్యులు, రిఫరెన్సుగా పేరిచ్చినవాళ్లు, స్నేహితుల ప్రైవసీలో తలదూర్చడం కూడా అదే వాక్యంలో నిషేధించింది. ఇన్సల్ట్ అని రాసి ఉంటే ఆ కుర్చీవాడికి తగిలేది కాదు. వాడు ఒక్క మాట అనలేదు కదా.

అప్పుల సంగతి వచ్చింది కాబట్టి ఎంబరాస్. ఫ్రెంచి నుంచి వచ్చిన ఈ మాటకి మొదటి అర్థం అడ్డు పడటం, దారి మూసుకుపోవడం. డబ్బుకి ఇబ్బంది పడుతున్నవాణ్ణి పాత ఇంగ్లీషులో ఎంబరాస్డ్ అనేవాళ్లు, మనవాళ్లు ‘కాస్త ఇబ్బందిలో ఉన్నాను’ అన్నట్టే. పత్రికలు రాసే ‘ప్రభుత్వం ఇరకాటంలో పడింది’ అన్న మాట ఎంబరాస్‌కి అచ్చంగా సరిపోతుంది, ఇరుకు దానిలోనే ఉంది. ఎంబరాస్‌మెంట్ చిన్నది, మర్నాటికి నవ్వుకుని చెప్పుకోవచ్చు. చొక్కా మీద కాఫీ పడ్డ సంగతి ఆయనే పదేళ్ల తర్వాత మనవలకి చెప్పి నవ్విస్తాడు. బంతిలోంచి లేపిన సంగతి చెప్పడు.

ఆంధ్రప్రదేశ్‌లో 1997లో వచ్చిన ర్యాగింగ్ నిషేధ చట్టం మాత్రం టీజ్, ఎంబరాస్, హ్యుమిలియేట్ మూడింటినీ ఒకే గాట కట్టేసింది. మూడింటికీ ఒకటే శిక్ష: ఆరు నెలల దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. కొట్టినా, బెదిరించినా, గదిలో నిర్బంధించినా పై మెట్లలో శిక్ష పెరుగుతుంది గానీ కింది మెట్టు మీద ఏడిపించడానికీ పరువు తీయడానికీ తేడా చూడలేదు. చూడకపోవడమే తెలివైన పని అనిపిస్తుంది. ఎచ్చెర్లలోనో విజయనగరంలోనో హాస్టల్ గదిలో సీనియర్ పాట పాడమంటే ఒక జూనియర్‌కి అది సరదా టీజింగ్, పక్కవాడికి చచ్చినంత పని. గీత ఎక్కడుందో సీనియర్ చేతికి వదిలేస్తే ‘సరదాకన్నా సార్’ అంటాడు.

చచ్చినంత పని అనుకోకుండా వచ్చింది గానీ, మార్టిఫై అనే మాట సరిగ్గా అదే. లాటిన్‌లో చావు అనే మాటలోంచి పుట్టింది. శరీరంలో ఒక భాగం కుళ్లి చచ్చిపోవడాన్ని పాత వైద్యులు మార్టిఫికేషన్ అనేవాళ్లు. ‘సిగ్గుతో చచ్చిపోయాననుకో’ అని మనం రోజూ అనేదాన్ని ఇంగ్లీషువాడు ‘ఐ వాజ్ మార్టిఫైడ్’ అంటాడు. ఎంబరాస్‌కి పెద్దన్న, అంతే. ఇన్సల్ట్‌లో కూడా ఇలాంటిదే ఒకటుంది. లాటిన్‌లో దాని అర్థం మీదికి దూకడం. నోరేసుకుని మీద పడ్డాడు అంటాం కదా. డాక్టర్లు ఇప్పటికీ మెదడుకో కిడ్నీకో తగిలిన దెబ్బను ఇన్సల్ట్ అంటారు. మెడికల్ రిపోర్టులో ఆ మాట చూసి ఎవరో తిట్టారనుకుని కంగారు పడక్కర్లేదు.

తర్వాతి గుంపు మెట్ల గురించి. డిగ్రేడ్‌లో ఉన్నది లాటిన్ గ్రేడస్, అంటే మెట్టు. మెట్టు దించడం. మిలటరీకి వెళ్లే కుర్రాళ్లు ఎక్కువగా ఉండే ఈ జిల్లాల్లో చేతి మీది గీతల విలువ చెప్పక్కర్లేదు. లాన్స్ నాయక్‌కి ఒకటి, నాయక్‌కి రెండు, హవల్దారుకి మూడు. ఆ గీతలు తీయించేయడమే ఒకప్పుడు డిగ్రేడ్. 1895 జనవరి 5న పారిస్ సైనిక పాఠశాల ఆవరణలో కెప్టెన్ ఆల్‌ఫ్రెడ్ డ్రేఫస్‌కి చేసింది అదే. దేశద్రోహం ముద్ర వేసి, వరసల్లో నిలబడ్డ సైనికుల ముందు అతని గుండీలు, పట్టీలు పీకేశారు, కత్తి విరిచేశారు. గోడవతల జనం. అతను నేను నిర్దోషినని అరుస్తూనే ఉన్నాడు. నిజంగానే నిర్దోషి, 1906లో అది తేలింది. నేటి ఇంగ్లీషులో హోదా తగ్గించడానికి డిమోట్ అన్న వేరే మాట వచ్చేసింది. డిగ్రేడ్ మనిషితనం మీదికి మళ్లింది. మనిషిని మనిషిగా కాకుండా వస్తువుగానో పశువుగానో చూడటం. 1948 నాటి విశ్వ మానవ హక్కుల ప్రకటన అయిదో అధికరణంలో కనిపించే డిగ్రేడింగ్ ఇదే. ‘హీనంగా చూడటం’ దీనికి దగ్గర.

డిబేస్ మెట్టు కాదు, కల్తీ. ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీ 1544 నుంచి వెండి నాణేల్లో రాగి కలిపించాడు. వాడకంలో పైపూత అరిగి, నాణెం మీది రాజుగారి ముక్కు దగ్గర రాగి బయటపడేది. జనం ఆయనకి రాగిముక్కు అని పేరు పెట్టారు. డిబేస్ అంటే ఇలా సరుకు నాణ్యత పోవడం, మనిషి విషయంలోనైతే దిగజారడం.

డిమీన్ కాస్త గమ్మత్తైన మాట, ఎక్కువగా తనకు తానే చేసుకునేదిగా కనిపిస్తుంది. పెద్ద చదువు చదివి పలాసలో జీడిపప్పు లెక్కలు రాయడమా అని ఒకడు అనుకుంటే, ఆ పని తన్ను డిమీన్ చేస్తుందని వాడి భావం. దీనికి మన దగ్గర ఉర్దూ నుంచి వచ్చిన ‘నామర్దా’ ఉంది. ఆ పని చేయడం నామర్దాగా భావించాడు అంటాం. ఇంతకన్నా బాగా ఏ డిక్షనరీ చెప్పలేదు. డిస్‌గ్రేస్‌కి ‘తలవంపులు’ అలాగే అతుకుతుంది. అది కూడా చాలాసార్లు సొంత చేతులతో తెచ్చుకునేదే, కాకపోతే తలవంపులు ఇంటిల్లిపాదికీ. ఒఫెండ్ గురించి చెప్పడానికి పెద్దగా లేదు, టీవీలవాళ్ల ‘మనోభావాలు దెబ్బతిన్నాయి’ దానికి సరిపోతుంది. రిడిక్యూల్ అంటే నవ్వులపాలు, అందులో నవ్వేవాళ్లు కచ్చితంగా ఉండాలి.

బిలిటిల్‌ని ‘చిన్నబుచ్చు’ అని రాసుకోవాలని చెయ్యి దురద పుడుతుంది, రెండింట్లోనూ చిన్న ఉంది కాబట్టి. కానీ చిన్నబుచ్చితే మనిషి మొహం చిన్నబోతుంది. బిలిటిల్ చేసేది మనిషి చేసిన పనిని, తెచ్చిన వస్తువుని, సాధించిన మార్కుల్ని. ఆ మనిషి అక్కడ ఉండక్కర్లేదు, బాధపడక్కర్లేదు కూడా. ‘తీసిపారేయడం’, ‘చులకన చేయడం’ దీనికి సరైనవి. ఈ మాట పుట్టుక మాత్రం నిజంగానే చిన్నది చేయడంలోంచే. అమెరికాలో జంతువులు యూరప్ జంతువులకన్నా చిన్నవని ఫ్రెంచి శాస్త్రవేత్త బుఫాన్ రాస్తే, థామస్ జెఫర్సన్ ఒప్పుకోలేదు. వర్జీనియా గురించి 1780లలో రాసిన తన పుస్తకంలో, అమెరికా వైపు ప్రకృతి తన సృష్టిని చిన్నది చేస్తుందన్న బుఫాన్ సిద్ధాంతం గురించి చెబుతూ బిలిటిల్ అన్న మాట వాడాడు. లండన్‌లో ఒక పత్రిక ఆ కొత్త మాటను వెక్కిరించింది. వెక్కిరించినవాళ్ల మనవలు కూడా తర్వాత అదే వాడారు.

హ్యుమిలియేట్ వేరు దగ్గరికి వెళ్తే లాటిన్‌లో హ్యూమస్ ఉంది, నేల. సైన్సు పుస్తకాల్లో ఆకులు కుళ్లి నేలలో కలిసిన సారాన్ని హ్యూమస్ అంటారు, అదే మాట. మనిషిని నేలకి దించడం. తెలుగులో ‘మట్టి కరిపించడం’ సరిగ్గా అక్కడికే వచ్చింది, కానీ ఓ తేడా ఉంది. మట్టి కరిపించడం పోటీలో గెలవడం, అందులో ఎదుటివాడి పరువు తీయాలన్న కక్ష ఉండక్కర్లేదు. ఇంగ్లీషు స్పోర్ట్స్ పేజీల్లో దానికి వాడే మాట హంబుల్. హంబుల్, హ్యుమిలియేట్ ఒకే నేలలో మొలిచాయి గానీ, హంబుల్ అయినవాడు బాగుపడొచ్చు, పొగరు తగ్గొచ్చు. ‘గర్వభంగం’ అంటే ఇది. సంస్కృతం నుంచి మనకొచ్చిన ‘పరాభవం’ మాత్రం ఓటమినీ అవమానాన్నీ ఒకే మూటలో కట్టేసింది. 2026 ఉగాదితో మొదలయ్యే తెలుగు సంవత్సరం పేరు కూడా పరాభవే. పంచాంగ శ్రవణంలో దానికి మంచి అర్థం చెప్పడానికి సిద్ధాంతిగారు కాస్త కష్టపడాలి. పెద్ద సన్మానం జరిగినప్పుడు ఇంగ్లీషులో ‘ఐయామ్ హంబుల్డ్’ అంటారు, దాన్ని తెలుగులో ‘నన్ను తగ్గించారు’ అంటే సభ బిక్కమొహం వేస్తుంది. ‘ఇంత గౌరవానికి నేనెంతటివాణ్ణి’ అనాలి.

ఈ తేడాలు మార్కులకన్నా ఎక్కువగా అక్కరకొచ్చేది ఫిర్యాదు కాగితం మీద. సోమవారం గ్రీవెన్స్‌కి కలెక్టరేట్ బయట కూర్చుని అర్జీలు రాసిపెట్టేవాళ్లు గానీ, స్టేషన్‌లో కంప్లయింట్ రాసుకునే రైటర్ గానీ ‘నన్ను నానా దుర్భాషలాడి అవమానించినారు’ అన్న ఒక్క వాక్యంతో పని కానిచ్చేస్తారు. ఆ వాక్యం ఇంగ్లీషులోకి వెళ్తే ఇన్సల్ట్ అవుతుందో, అబ్యూజ్ అవుతుందో, హ్యుమిలియేట్ అవుతుందో అనువాదం చేసేవాడి ఇష్టం. అన్న మాటలు అన్నట్టుగానే, యాసతో సహా రాయించుకోవాలి. ఎక్కడ నిలబడి అన్నాడు, వీధిలోనా, పంచాయతీ ఆఫీసు వరండాలోనా, గదిలోనైతే తలుపు తీసి ఉందా, ఆ టైముకి అక్కడ ఎవరెవరున్నారు, వాళ్లలో ఇంటివాళ్లు కానివాళ్లు ఎవరు అన్నవి కూడా ఆ కాగితంలోనే, మొదటిరోజే ఉండాలి.